‘మా అమ్మాయి నర్సింగే చేస్తానంటోంది’

ప్రశ్న: మాది ఎల్బీ నగర్. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో ఎంబీబీఎస్ సీటుకు సరిపడా ర్యాంకు రాలేదు. మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడికి గౌచర్ అనే జన్యువ్యాధి ఉంది. పదిహేను రోజులకోసారి ఆసుపత్రిలో మందు ఎక్కించాలి. మా అమ్మాయి వాడికి తోడుగా వెళ్లివస్తూ, అక్కడి సిస్టర్‌ను చూసి తనూ అదే పని చేస్తానని పట్టుబట్టింది. నేను జెనెటిక్స్‌తో బీఎస్సీ చేసి జెనెటిక్ కౌన్సెలర్ అవ్వమంటున్నాను. దానికి మంచి ఫ్యూచర్ ఉందంటున్నారు. పోనీ నర్సింగే చేస్తే జర్మనీకైనా పంపొచ్చా? నైట్ డ్యూటీలు, పైగా ఈ జబ్బుల మధ్యే ఉద్యోగం. రేపు సంబంధాలు చూసేటప్పుడు నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారని టెన్షన్‌గా ఉంది. రెండు కోర్సులనూ పోల్చి చెప్పగలరు.

జవాబు: నర్సింగ్ గురించి అడిగే తండ్రులు నాకు కొత్త కాదు. ఏటా వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఇదే ప్రశ్న వస్తుంది. జీతం ఎంత, నైట్ డ్యూటీలు ఉంటాయా, ఫారిన్ వెళ్లొచ్చా అని మొదలవుతుంది, పెళ్లి దగ్గరికి వచ్చి ఆగుతుంది. మీ ఉత్తరంలో దానికి తోడు ఇంకో మాట ఉంది. ‘ఈ జబ్బుల మధ్యే’ అన్నారు. నర్సు ఉద్యోగం మీకు అంత పెద్ద అడ్డుగా నాకు కనిపించడం లేదు. అమ్మాయి ఆ పనిలో చేరితే ‘ఎందుకు చేరింది’ అని ఎవరో అడుగుతారు, అప్పుడు ఈ జబ్బు మీ ఇంట్లోనే ఉందని బయటపడుతుంది. మీ భయం అది. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. కోర్సులు ఎక్కడికీ పోవు.

గౌచర్ అంటుకునే జబ్బు కాదు. ఒంట్లో ఒక ఎంజైమ్ తగినంత తయారుకాక ఒకరకం కొవ్వు పదార్థం పేరుకుపోతుంది. దానివల్ల ప్లీహం, కాలేయం ఉబ్బుతాయి, రక్తకణాలు పడిపోతాయి, ఎముకలు నొప్పిపెడతాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువుల్లోనూ లోపం ఉంటేనే బిడ్డకు జబ్బు వస్తుంది. ఒక్కదాంట్లోనే ఉంటే వాళ్లను క్యారియర్ అంటారు. వాళ్లకు ఈ జబ్బు రాదు. మీ మేనల్లుడికి వచ్చిందంటే మీ అక్కా, బావగారూ ఇద్దరూ క్యారియర్లే అనుకోవాలి. ఆ లెక్కన మీరు క్యారియర్ అయ్యే అవకాశం సగం, మీ అమ్మాయికి పావు. ఒకవేళ తను క్యారియరే అయినా, కట్టుకోబోయేవాడు కూడా క్యారియర్ అయితేనే పిల్లల విషయంలో ఆలోచించాలి. అప్పుడైనా ప్రతి కానుపులో పావు వంతు అవకాశమే. దీనికి రక్తపరీక్ష ఉంది. మీ మేనల్లుడి రిపోర్టులో ఏ మార్పు ఉందో రాసి ఉంటే పరీక్ష ఇంకా తేలిక. ఆ రిపోర్టు పట్టుకుని పంజగుట్ట నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగానికి వెళ్లండి. మీ అక్కది మేనరికమో కాదో మీరు రాయలేదు. ఏదైనా సరే, మీ అమ్మాయికి మాత్రం దగ్గరి చుట్టరికం ఆలోచించకండి. అదే జన్యువు అటువైపు కూడా ఉండే అవకాశం పెరుగుతుంది.

ఇది దాచిపెట్టి పెళ్లి చేయడం కంటే తెలుసుకుని చేయడం క్షేమం. అమ్మాయి ఏ కోర్సులో చేరినా ఈ లెక్క మారదు. బీటెక్ చేయించినా అంతే.

ఇప్పుడు కొంచెం కటువుగా అంటాను, ఏమనుకోకండి. పదిహేను రోజులకోసారి ఆ పిల్లాడి పక్కన మీ అమ్మాయి కూర్చుంటోందని రాశారు. మీరు ఒక్కసారైనా వెళ్లారా? పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్న మేనమామ మీరే కదా. వెళ్లి ఉంటే ‘మందు ఎక్కించాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవారు కాదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్ల గంటలకొద్దీ అక్కడ కూర్చుని చూసి, ఇదీ నా పని అని తేల్చుకుంది. మీరేమో ఎవరో ‘ఫ్యూచర్ ఉంది’ అన్న మాట పట్టుకున్నారు. మీ ఇద్దరిలో రంగం గురించి ఎక్కువ తెలిసింది ఎవరికి?

మీరు చూడనిది ఏమిటో చెప్తాను. పిల్లాడు రాగానే సిస్టర్ ముందు బరువు చూస్తుంది. అదేదో మామూలు తంతు కాదు. మందు మోతాదు బరువును బట్టే ఉంటుంది. కిలోకు అరవై యూనిట్లు రాస్తే, ఇరవై కిలోల పిల్లాడికి 1,200 యూనిట్లు, అంటే 400 యూనిట్ల వయల్స్ మూడు. రెండు కిలోలు పెరిగాడంటే డాక్టర్ మళ్లీ లెక్క వేయాలి. ఒక్కో వయల్ ఖరీదు వింటే గుండె ఆగుతుంది, కాబట్టి చుక్క వృథా పోకూడదు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచిన పొడి అది. అందులో స్టెరైల్ వాటర్ వయల్ లోపలి గోడ వెంబడి మెల్లగా వదలాలి, వయల్‌ను నెమ్మదిగా తిప్పాలి. మజ్జిగ చిలికినట్టు ఊపితే నురగ కట్టి మందు పాడవుతుంది. తర్వాత సెలైన్‌లో కలిపి, సన్నటి ఫిల్టర్ ఉన్న ట్యూబు గుండా గంట, రెండు గంటలు ఎక్కించాలి.

అంతకంటే ముందు నరం దొరకాలి. ఏళ్ల తరబడి పొడిపించుకున్న పిల్లల చేతులకు నరాలు ఓ పట్టాన దొరకవు. కొన్నిచోట్ల గంట ముందే చర్మం మొద్దుబారే క్రీమ్ రాసి, పైన ప్లాస్టర్ వేసి కూర్చోబెడతారు. మందు ఎక్కుతున్నంతసేపూ నాడి, బీపీ, ఉష్ణోగ్రత, శ్వాస చూస్తూ ఉండాలి. పిల్లాడు రెండుసార్లు దగ్గాడనుకోండి. తల్లి ‘జలుబు చేసిందమ్మా’ అంటుంది. మంచి సిస్టర్ ఆ మాట వింటూనే డ్రిప్ ఆపేసి, చొక్కా ఎత్తి పొట్ట మీద దద్దుర్లు ఉన్నాయేమో చూసి, డాక్టర్‌ను పిలుస్తుంది. మందు పడకపోతే రియాక్షన్ అలాగే మొదలవుతుంది.

ఇది ఒక్క గౌచర్ సంగతి. ఇలాంటి జన్యువ్యాధులు ఇంకా ఉన్నాయి. కండరాలను బలహీనపరిచే పాంపే వ్యాధికి మందు గంటలకొద్దీ ఎక్కుతుంది. ఒంట్లో ఒకరకం చక్కెర పదార్థాలు పేరుకుపోయే ఎంపీఎస్ రకాల్లో కొన్నింటికి వారం వారం రావాలి. కండరాలు క్షీణించే ఎస్ఎంఏ పిల్లల్లో కొందరికి వెన్నులోకి ఇంజెక్షన్, కొందరికి రోజూ ఇంట్లోనే నోటి మందు. నోటి మందు ఎలా కొలవాలో, ఎలా దాచాలో తల్లికి నేర్పి పంపాలి. ప్రొటీన్లలోని ఒక పదార్థాన్ని ఒళ్లు వాడుకోలేని పీకేయూ పిల్లలకైతే మందు కంటే తిండి లెక్కే ముఖ్యం. ఇడ్లీ, పప్పు కూడా గ్రాములు చూసి పెట్టాలి. ఇక కాగితాల పని. 2021 నాటి జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తించిన కేంద్రాల ద్వారా ఒక్కో రోగికి గరిష్ఠంగా 50 లక్షల దాకా సాయం వస్తుంది. హైదరాబాద్‌లో నిమ్స్, డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రం. జీవితాంతం వాడాల్సిన మందుకు 50 లక్షలు ఎన్నాళ్లు వస్తాయో మీ అక్కను అడగండి. ఏ డోసు ఎప్పుడు ఇచ్చారు, బ్యాచ్ నంబర్ ఎంత, ప్లీహం ఎంత తగ్గింది అని రికార్డు సరిగ్గా ఉంటేనే తర్వాతి ఫైలు కదులుతుంది. అందులో సగం రాత సిస్టర్ చేతిదే.

మీ అమ్మాయి చూసి ముచ్చటపడింది ఈ పనినే. నాకు తప్పుగా అనిపించలేదు.

అయితే ఆ పిల్లకు కూడా ఒక మాట చెప్పాలి. ‘జన్యువ్యాధుల నర్సు’ అని మన దగ్గర విడిగా డిగ్రీ లేదు. స్టాఫ్ నర్సుగా చేరి, పిల్లల వార్డులో, ఐసీయూలో చేయి తిరిగాక డే కేర్‌కు, అంటే మందు ఎక్కించుకుని అదే రోజు ఇంటికి వెళ్లిపోయేవాళ్ల విభాగానికి వేస్తారు. ఆ వార్డుల్లో నైట్ డ్యూటీలు ఉంటాయి, తప్పవు. డే కేర్, ఓపీకి వచ్చాక ఎక్కువగా పగటి పనే. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఆ తర్వాత ఎమ్మెస్సీలో చైల్డ్ హెల్త్ తీసుకుంటే ఈ దారికి దగ్గరగా ఉంటుంది. అరుదైన వ్యాధుల పిల్లలు తక్కువ కదా, ఉద్యోగాలేం ఉంటాయి అని మీకు అనుమానం రావచ్చు. ఇదే చెయ్యి తలసీమియా పిల్లలకు రక్తం ఎక్కించేటప్పుడూ, క్యాన్సర్ పిల్లల కీమో డే కేర్‌లోనూ పనికొస్తుంది. శివరాంపల్లిలో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ వాళ్ల కేంద్రానికి ఒకసారి వెళ్లి కూర్చోండి, ఈ పని తెలిసినవాళ్ల అవసరం ఎంతో మీకే తెలుస్తుంది.

ఇక మీరు మెచ్చిన దారి. జెనెటిక్ కౌన్సెలర్ పని మంచిదే, దాన్ని తక్కువ చేయను. పైన మీకు చెప్పిన సగం, పావు లెక్కలు భయపెట్టకుండా విడమరిచి చెప్పేది వాళ్లే. నా అనుమానాలు వేరే. మొదటిది, మూడేళ్ల బీఎస్సీతో ఆ ఉద్యోగం రాదు. పీజీ కావాలి, అదీ ఆ సబ్జెక్టులో పద్ధతిగా రోగుల దగ్గర శిక్షణ ఇచ్చే పీజీ. అలాంటి సీట్లు దేశం మొత్తం మీద కొద్దిగానే ఉన్నాయి. సీటు రాకపోతే చేతిలో మిగిలేది మామూలు బీఎస్సీ. రెండోది, మన పెద్దాసుపత్రుల్లో ఈ మాటలు చాలావరకు జెనెటిక్స్ డాక్టర్లే చెప్తారు. విడిగా కౌన్సెలర్‌ను పెట్టుకునేవి తక్కువ. ఎక్కువ ఉద్యోగాలు పరీక్షలు చేసే ప్రైవేటు ల్యాబుల్లో. అక్కడ సలహా చెప్పడం ఎక్కడ ఆగి, ఇంకో పరీక్ష అంటగట్టడం ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టి ఉండాలి. అన్నిచోట్లా అలా అని అనను. కానీ ఈ కోర్సు అడిగే పిల్లలకు నేను ముందు చెప్పే మాట ఇదే.

మూడోది మన ఊరి రోగం. ‘జీనోమ్ వ్యాలీ పక్కనే ఉంది కదండీ’ అంటారు. ఉంది, శామీర్‌పేట దాటాక. అక్కడి కంపెనీల్లో మంచి ఉద్యోగాలకు ఎమ్మెస్సీలు, ఫార్మసీ వాళ్లు, పీహెచ్‌డీలు పోటీ పడుతున్నారు. ఉత్త బీఎస్సీ బయోటెక్‌తో వెళ్లిన పిల్లలు ఏం చేస్తున్నారో మీ కాలనీలోనే వాకబు చేయండి. ఇక నాలుగు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో కౌన్సెలర్ చేస్తామనే ప్రకటనలు కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఓపిక, మాటతీరు, సైన్సు మీద గట్టి ఆసక్తి ఉండి, పీజీ దాకా చదివించే స్తోమత ఉంటే ఆ దారి తప్పకుండా తీసుకోవచ్చు. మీ అమ్మాయి దాన్ని అడగలేదు, అంతే.

జర్మనీ సంగతి క్లుప్తంగా. వెళ్లొచ్చు. సాధారణంగా జర్మన్ భాష బీ2 స్థాయి దాకా, అంటే తడుముకోకుండా మాట్లాడేంత నేర్చుకోవాలి, మన డిగ్రీకి అక్కడ గుర్తింపు తెచ్చుకోవాలి. వెళ్లాక పిల్లల డే కేరే దొరుకుతుందని గ్యారంటీ లేదు. వృద్ధులకు స్నానం చేయించడం, పక్క సర్దడం నుంచి అన్నీ నర్సు పనులే. పంపాలనుకుంటే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగండి, లక్షలు గుంజే ఏజెంట్లను కాదు. అయినా ఇంకా కాలేజీలోనే చేరని పిల్లకు వీసా గురించి ఇప్పుడెందుకండీ?

జీతం దాచను. ప్రైవేటు ఆసుపత్రుల్లో మొదటి జీతం చాలాచోట్ల ఇరవై వేల అటూ ఇటూనే. చేసే పనికి అది అన్యాయం. ప్రభుత్వంలో స్టాఫ్ నర్సు స్కేలు తెలంగాణలో 36,750 నుంచి 1,06,990. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్‌కు మూలవేతనమే 44,900తో మొదలు. పోటీ ఉంది, కానీ అందనిదేమీ కాదు. బంధువుల్లో మాట పడిపోతుందన్న బెంగ వదిలేయండి. ఎవరింట్లో పేషెంట్ ఉన్నా అర్ధరాత్రి ముందు ఫోన్ చేసేది ఆ ఇంటి నర్సుకే. మీకూ రేపు మాపు అదే అనుభవం అవుతుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగు చూసి మోసపోకండి. సొంత ఆసుపత్రి ఉందా, అందులో మంచాల మీద నిజంగా రోగులున్నారా, పిల్లల పోస్టింగుకు ఎక్కడికి పంపుతారు అని అడగండి. ఒక ఉదయం చెప్పకుండా వెళ్లి, యూనిఫామ్‌లో ఉన్న మూడో ఏడాది పిల్లలను గేటు దగ్గర పలకరించండి. ప్రిన్సిపాల్ చెప్పని విషయాలు వాళ్లు చెప్తారు. కాళోజీ హెల్త్ యూనివర్సిటీ అనుబంధం, నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఈ ఏడాదికి ఉన్నాయో లేదో చూశాకే ఫీజు కట్టండి. ‘హాజరు మేం చూసుకుంటాం’ అనే కాలేజీ అయితే అక్కణ్నుంచే వెనక్కి వచ్చేయండి. నరం దొరకబుచ్చుకోవడం హాజరు పట్టీలో నేర్పరు.

సీటు ఖాయం కాగానే హెపటైటిస్ బి టీకా వివరాలు చూసుకోండి. చిన్నప్పుడు వేయించిన కార్డు ఉంటే డాక్టర్‌కు చూపించండి. లేకపోతే మూడు డోసులు, ఇవాళ ఒకటి, నెలకు ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి. వార్డు పోస్టింగులు మొదలయ్యేలోపు పూర్తయ్యేలా ఇప్పుడే మొదలుపెట్టించండి.