తుక్కుతో బొమ్మలు చేస్తున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన నెమలి ఫోటో చూశాను. మెడ వంపు బాగా కుదిరింది కానీ, ఒళ్లంతా నీలిరంగు పూయడం వల్ల ఏది పళ్ల చక్రమో, ఏది గొలుసో తెలియకుండా పోయింది. 1942లో చిత్రకారుడు పికాసో పాత సైకిలు సీటుకు హ్యాండిలును కొమ్ములుగా అమర్చి ఎద్దు తల చేశాడు. అందులో ఎద్దూ కనిపిస్తుంది, సైకిలూ కనిపిస్తుంది. ఒకటి రెండోదాన్ని మింగెయ్యదు. నీ నెమలిలో రంగు ఇనుమును మింగేసింది.

అందుకే ముందు బొమ్మ గీసుకొని, దానికి సరిపడే ఇనుము కోసం వెతకవద్దు. ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్ల నుంచి తెచ్చినవన్నీ నేల మీద పరిచి, కొన్నాళ్లు అటూ ఇటూ తిప్పి చూడు. నా షెడ్డులో ఒక జత స్కూటరు బ్రేకు షూలు, అంటే చక్రాన్ని ఆపే వంపు ముక్కలు, ఎనిమిదేళ్లు ఊరకే పడి ఉన్నాయి; ఒకరోజు ఊడ్చేటప్పుడు రెండూ పక్కపక్కన బోర్లా పడితే, గుడ్లగూబ బరువైన కనురెప్పలు కనిపించాయి. అవి అల్యూమినియంవి కావడంతో ఇనుముకు అతకవని, వెల్డింగ్ జోలికి పోకుండా బోల్టులతో బిగించాను. ఆ షూలకు అతికించి ఉండే పాత లైనింగులలో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ ఉండవచ్చు కాబట్టి, వాటికి మాత్రం ఎన్నడూ గ్రైండరు ఆనించకు.

ఏ లోహమో తేలకపోతే గ్రైండరుకు తాకించి రవ్వలు చూడు: మామూలు ఇనుము రవ్వలు పసుపుగా, పొడుగ్గా పోతాయి, పోత ఇనుమువి ఎర్రగా, పొట్టిగా ఆగిపోతాయి. పోత ఇనుమును వేడి చేయకుండా అతికితే చల్లారేటప్పుడు పక్కనే పగులుతుంది. జింకు పూత ఉన్న నీళ్ల గొట్టాలను గదిలో తలుపులు మూసుకొని వెల్డింగ్ చేసి, ఆ పొగ పీల్చి రాత్రంతా నేను చలిజ్వరంతో వణికాను. ముందు అతుకు దగ్గర పూత తీసెయ్యి, గాలి ఆడే చోట పని చెయ్యి. ఖాళీ పెట్రోలు ట్యాంకునైతే అసలు కోయకు, అడుగున మిగిలిన ఆవిరి చాలు పేలడానికి.

సామాను దాచడానికి చోటు లేదని రాశావు. చండీగఢ్‌లో రోడ్డు ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన నేక్ చంద్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు అడవిలో ఏళ్ల తరబడి రహస్యంగా పోగేశాకే, వాటితో చేసిన బొమ్మల తోట రాక్ గార్డెన్ 1976లో జనానికి తెరుచుకుంది. అంత అడవి నీకెక్కడిది! నాలుగు డబ్బాలతో మొదలుపెట్టు.

పండక్కి వచ్చేటప్పుడు ఆ నెమలిని తీసుకురా. నీలిరంగు గీకడానికి వైరు బ్రష్షు నా దగ్గరుంది.

ఇట్లు,
మీ మామయ్య