ఫిల్టర్ పెట్టగానే ‘కార్లు లేవు’ అని వస్తుంటే

మీ పాత కార్ల అమ్మకాల సైట్‌లో కార్లు బాగానే ఉన్నా ‘వరంగల్’, ‘డీజిల్’ నొక్కగానే ఖాళీ పేజీ వస్తోందని అడిగారు. కార్లు లేక కాదు, ఊరి పేరుతో వెతికే ఫిల్టరే వాటిని మింగేస్తోంది. అమ్మేవాళ్లు ఒకరు హనుమకొండ అని, ఒకరు హన్మకొండ అని, ఇంకొకరు కాజీపేట అని రాస్తారు. సైట్ అక్షరాలే పోలుస్తుంది, కాబట్టి ‘వరంగల్’ నొక్కితే అవి రావు. పైగా 2021లో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, రూరల్ కాస్తా వరంగల్ అయింది. పాత లిస్టింగులకు (అమ్మకం ప్రకటనలకు) పాత పేర్లే ఉంటాయి.

1. ఊరు టైప్ చేయనివ్వకండి. పిన్‌కోడ్ తీసుకుని 25, 50, 100 కి.మీ. దూరం చూపండి. 100 పెడితే కరీంనగర్ బండ్లూ వస్తాయి.

2. బండి నంబరుతో ఊరు తేల్చొద్దు. వరంగల్ పాత కోడ్ ఏపీ 36 ఉన్న బండి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండొచ్చు.

3. చాలామంది వదిలేసేది ఇదే: ‘అప్లై’ బటన్ మీద సంఖ్య. ప్రతి టిక్‌కూ ‘7 కార్లు చూడండి’ అని మారాలి. సున్నా అయ్యే ఆప్షన్‌ను బూడిద రంగులో, పక్కన 0 వేసి ఉంచండి. దాచేస్తే మీ దగ్గర డీజిల్ బండ్లే ఉండవనుకుంటారు. అయినా సున్నా వస్తే ‘డీజిల్ తీసేస్తే 7 ఉన్నాయి’ అని చూపి, ఒక్క నొక్కుతో తీసేయనివ్వండి. ప్రతి టిక్‌కూ వెంటనే సర్వర్‌ను అడగొద్దు, 300 మిల్లీసెకన్లు ఆగి అడగండి. లేకుంటే నెట్ సరిగా లేనిచోట సంఖ్య తడబడుతుంది.

4. ఎంచుకున్న ఫిల్టర్లు యూఆర్ఎల్‌లో (పేజీ లింక్‌లో) ఉండాలి. లేదంటే వెనక్కి రాగానే అన్నీ పోతాయి, వాట్సాప్‌లో పంపిన లింక్‌లోనూ మొత్తం లిస్టే తెరుచుకుంటుంది.