కాన్వెంటు మాన్పించేది మతం కోసమా, ర్యాంకు కోసమా?

ప్రశ్న: మా బాబు గుంటూరులో ఒక కాన్వెంటు స్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. అన్నం ముందు సిలువ గుర్తు వేసుకుంటున్నాడు. మొన్న అయ్యప్ప మాల వేసుకుంటే నల్లబట్టలతో రావద్దన్నారు. పిల్లాడు మన సంస్కృతికి దూరమైపోతాడని మావారి భయం. తొమ్మిదికి కార్పొరేట్ స్కూల్లో ఐఐటీ ఫౌండేషన్‌లో వేద్దామంటున్నారు. రెండిటిలో ఏది మంచిది? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, ఏటా కార్తీకం వెళ్లగానే నాకు ఇలాంటి ఉత్తరాలు వస్తాయి. కార్పొరేట్ పీఆర్వోలు ఇళ్ల చుట్టూ తిరగడం మొదలయ్యేదీ అప్పుడే.

ముందు సిలువ గుర్తు సంగతి. ఎల్‌కేజీ నుంచి రోజూ లంచ్ బెల్లు కొట్టగానే అందరితో కలిసి చేసిన పని, చేతికి అలవాటైపోయింది. పరీక్ష రోజు పొద్దున స్కూల్లో మేరీమాత గుహ దగ్గర దండం పెట్టుకుని, సాయంత్రం వినాయకుడి గుడిలో గుంజీలు తీసే పిల్లలు మన ఊళ్లలో కొల్లలు. వాళ్లెవరూ మతం మారిపోలేదు. అయినా ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. అన్నం ముందు ‘బ్రహ్మార్పణం’ చదవడం ఇంట్లో ఎవరైనా నేర్పారా? మీవారు టీవీ ముందు కంచం పెట్టుకుని కూర్చుంటే, బాబు స్కూల్లో చూసిందే చేస్తాడు. ఇంట్లో లేనిదాన్ని స్కూలు లాక్కుందనడం న్యాయం కాదు.

హక్కుల విషయానికొస్తే మీకు గట్టి ఆధారమే ఉంది. రాజ్యాంగం 28(3) అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థా తల్లిదండ్రుల సమ్మతి లేకుండా మైనర్ పిల్లలను మతబోధనకు గానీ ప్రార్థనకు గానీ కూర్చోబెట్టకూడదు. మైనారిటీ స్కూలుకూ ఇది వర్తిస్తుంది. మామూలుగా కతోలిక పిల్లలు సత్యోపదేశం (వాళ్ల మతబోధ) క్లాసుకి వెళ్తారు, మిగతావాళ్లకు అదే పీరియడ్‌లో నీతిపాఠాలుంటాయి. ఇతర మతాల పిల్లలపై క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దనీ, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలనీ కతోలిక బిషప్పుల సమాఖ్యే 2024లో తన స్కూళ్లకు సూచించింది. కాబట్టి ఇష్టం లేకపోతే ఒక కాగితం రాసి సిస్టర్‌గారికి ఇవ్వండి.

మాల సంగతి వేరు. అది యూనిఫాం నియమం కిందికి వస్తుంది, 28(3) అక్కడ నేరుగా పనికిరాదు. అయినా బాబుని నల్లబట్టలతో, చెప్పుల్లేకుండా గేటు దగ్గర నిలబెట్టి ఆ తర్వాత అడిగితే ఎవరికైనా చిరాకే. మాల వేయడానికి వారం ముందే వెళ్లి మాట్లాడండి. యూనిఫాం మీద నల్ల కండువాకి, బూట్లు లేకుండా రావడానికి చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే గొడవకు దిగకండి. నలుగురిలో తలవంచుకోవాల్సింది పిల్లాడే.

ఇక మీవారి అసలు దిగులు. ఇక్కడ కుదించి వేశాం గానీ, మీరు రాసిన పూర్తి ఉత్తరంలో సంస్కృతి గురించి మూడు ముక్కలుంటే, మిగతాదంతా పక్కింటి అబ్బాయి ఫౌండేషన్ గురించే. ఎనిమిదిలో, తొమ్మిదిలో మొదలెట్టే ఈ ఫౌండేషన్ మీద నాకు మొదటినుంచీ అనుమానమే. ఇంటర్ లెక్కల్ని రెండేళ్లు ముందే బట్టీ పట్టించి, భిన్నాలు తడబడే పిల్లాడిని వీక్ సెక్షన్‌లో పడేస్తారు. పదమూడేళ్లకే ‘నేను పనికిరాను’ అన్న ముద్ర పడితే, ఇంటర్‌లో ఏ లెక్చరరూ దాన్ని చెరపలేడు. ఆదివారం పరీక్ష, పండక్కి స్టడీ అవర్. సంక్రాంతికి తాతగారి ఊరెళ్లడమే కుదరని చోట సంస్కృతి ఎలా నిలుస్తుందో మీవారినే చెప్పమనండి.

పోల్చమన్నారు కదా, నా మాట ఇదీ: టెన్త్ దాకా కదపకండి. ఇంగ్లిష్, లైబ్రరీ, ఆటలు, నిదానంగా నేర్పే సైన్సు, ఇవన్నీ తర్వాత జేఈఈకీ పనికొస్తాయి. లెక్కల్లో వెనకబడితే ఇంటి దగ్గర ఒక మంచి మాస్టారు చాలు. స్కూల్లో కొట్టడమో, అవమానించడమో జరుగుతుంటే మాత్రం ఆలోచించకుండా మార్చేయండి. ఇంటర్‌కి కార్పొరేట్ కావాలా, విజయవాడ ఆంధ్ర లొయోల లాంటి కాలేజీయా అన్నది టెన్త్ అయ్యాక చూద్దాం. అప్పుడు మీరు రాసే ఉత్తరంలో బాబుని కూడా రెండు ముక్కలు రాయమనండి. ఈసారి వాడేమంటున్నాడో మీరు ఎక్కడా రాయలేదు.