మూడు గదులకు ఒకే కనెక్షన్: మేనల్లుడికి లేఖ

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

బనశంకరిలో మీరు దిగిన ఇంట్లో హాల్లో నెట్ చక్కగా వస్తోందనీ, వెనక గదిలో అమ్మాయి ఆన్‌లైన్ పాఠం చెబుతుంటే మధ్యలో ఆగిపోతోందనీ, అందుకని నువ్వు రెండో కనెక్షన్ తీసుకోబోతున్నావనీ అక్క ఫోనులో చెప్పింది. డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం ఒకసారి చదువు.

మొదట వైఫై ఆపేసి, ల్యాప్‌టాప్‌ను హాల్లోని ఫైబర్ పెట్టెకు కేబుల్‌తో నేరుగా కలిపి వేగం చూడు. నువ్వు కడుతున్నది 200 ఎంబీపీఎస్‌కు (సెకనుకు 200 మెగాబిట్లు) కనుక, దానికి దగ్గరగా కనిపిస్తే కంపెనీ ఇవ్వవలసింది ఇస్తున్నట్లే. 95 దగ్గర ఆగిపోతే మాత్రం కేబులో, పోర్టో (కేబుల్ గుచ్చే రంధ్రం) 100కే పరిమితమైనదని అర్థం. ఫిర్యాదు చేసే ముందు వేరే కేబుల్‌తో చూడు. (ఫైలు దించుకునేటప్పుడు సెకనుకు 25 మెగాబైట్లే కనబడితే కంగారు పడకు; ఎంబీపీఎస్ బిట్ల లెక్క, ఎనిమిది బిట్లు ఒక బైటు, 200ను 8తో భాగిస్తే వచ్చేది అంతే.) హాల్లో సరిగా ఉండి వెనక గదిలో రాకపోతే లోపం మధ్యనున్న గోడలది. రెండో కనెక్షన్ తెచ్చినా అదీ ఆ హాల్లోకే వస్తుంది, ఆ గోడల దగ్గరే నీరసిస్తుంది.

వైఫై 5, 2.4 గిగాహెర్ట్జ్ అనే రెండు రేడియో పట్టీల్లో నడుస్తుంది. 5 వేగమైనదే కాని గోడ దాటేసరికి బాగా సన్నగిల్లుతుంది. 2.4 గోడలు దాటుతుంది కాని, అందులో ఒకదానిమీద ఒకటి పడని ఛానళ్లు 1, 6, 11 మూడే. మీ వీధిలో ఇళ్లన్నీ ఆనుకుని ఉన్నాయి గనుక చుట్టుపక్కల రౌటర్లన్నీ ఆ మూడింటి కోసమే పోటీ పడుతుంటాయి. వైఫైని అందుకుని మళ్లీ ప్రసారం చేసే పెట్టెను రిపీటర్ అంటారు. దుకాణాల్లో అంటగట్టే ఆ రిపీటర్ విన్న మాటనే మళ్లీ పలకాలి గనుక, ఒకే రేడియోతో రెండు పనులూ చేసే చవక రకంలో వేగం దాదాపు సగానికి పడిపోతుంది. నా మట్టుకు నేను దాన్ని ఇంట్లోకి రానివ్వను.

అందుచేత బల్ల మీద కదలకుండా ఉండే కంప్యూటర్లకు, టీవీకి తీగ వెయ్యి. చేతిలో తిరిగే ఫోన్లకు వైఫై వదిలిపెట్టు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డుకు వెళ్లి క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ కొను. వంద మీటర్ల దాకా అది నిక్షేపంగా పని చేస్తుంది, మీ ఇంటికి ముప్పై చాలు. కొనేటప్పుడు లోపలి తీగను ఒక్కదాన్ని బ్లేడుతో గీకి చూడు. గీకినా ఎర్రగానే ఉంటే అసలైన రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. ఒక దుకాణంలో చవకగా వచ్చిందని నేను ఆ పూత కేబుల్ తెచ్చి ఇల్లంతా వేయించాను. ఏడాది తిరగకుండానే నా 300 కనెక్షన్ 100 దగ్గర చతికిలబడింది. రౌటర్‌ను తిట్టాను, కంపెనీ కుర్రాణ్ణి రెండుసార్లు పిలిపించాను. చివరికి చూస్తే తలుపు మూల వంపులో గోధుమరంగు తీగ ఒకటి విరిగి ఉంది. ఈ కేబుల్‌లో ఎనిమిది తీగలు రెండేసి మెలేసి నాలుగు జతలుగా ఉంటాయి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) వేగానికి నాలుగు జతలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. అందుకే అది పూర్తిగా ఆగకుండా, నన్ను మోసం చేస్తూ నడిచింది.

కేబుల్ చివర ఆర్‌జే 45 కనెక్టర్ (పోర్టులో గుచ్చే ప్లాస్టిక్ మూతి) బిగించేటప్పుడు క్లిప్పు కిందికీ, తీగలు దూరే వైపు నీ వైపుకీ పెట్టుకుని, ఎడమ నుంచి తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ అన్న వరుస రెండు చివరలా ఒకేలా ఉండాలి. జతల మెలికను అవసరమైనంత మేరకే విప్పు.

కరెంటు తీగలున్న పైపులోకి ఈ కేబుల్‌ను ఎక్కించకు. ఎలక్ట్రీషియన్ సులువని చెప్పినా ఒప్పుకోకు. ఎక్కడైనా ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నేరుగా కంప్యూటర్‌లోకి వస్తాయి. అద్దె ఇల్లు కనుక గోడ తొలవకుండా, నేల అంచు వెంబడి పీవీసీ కేసింగ్‌లో తీసుకెళ్లు. మేడమీది గదికి కూడా మెట్ల లోపలి వైపు నుంచే లాగు. ఫైబర్ గాజు కనుక పిడుగును మోసుకురాదు గాని, బయట వేలాడే రాగి తీగ ఏప్రిల్, మే సాయంత్రాల ఉరుముల వానల్లో పోర్టులను మాడ్చేస్తుంది.

వెనక గదికి ఒక్క కేబుల్ వెళితే చాలు. అక్కడ ఐదు పోర్టుల గిగాబిట్ నెట్‌వర్క్ స్విచ్ (ఒక కేబుల్‌ను చాలా పరికరాలకు పంచే పెట్టె) పెట్టి, రెండు కంప్యూటర్లనూ, నీ దగ్గరున్న పాత రౌటర్‌నూ దానికి కలుపు. పాత రౌటర్‌లో డీహెచ్‌సీపీ (పరికరాలకు నెట్‌వర్క్ చిరునామాలు పంచే పని) ఆపి, చిరునామాను 192.168.1.2 వంటి, ఎవరికీ ఇవ్వని సంఖ్యకు మార్చి, కేబుల్‌ను ల్యాన్ పోర్టులోనే (ఇంట్లోని పరికరాలకోసం ఉన్నది) గుచ్చు. ఇంట్లో చిరునామాలు పంచేవాడు ఒక్కడే ఉండాలి. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను వ్యాన్ పోర్టులో (బయటి కనెక్షన్ కోసం ఉన్నది) గుచ్చాను. ముందు గదిలోని ప్రింటర్ వెనక గది కంప్యూటర్‌కు కనిపించక ఒక ఆదివారమంతా పోయింది. వైఫై పేరు, పాస్‌వర్డ్ రెండు చోట్లా ఒకటే ఉంచి ఛానల్ మాత్రం మార్చు. రౌటర్ల అడ్మిన్ పాస్‌వర్డ్‌లు (సెట్టింగ్‌లు మార్చేందుకు అడిగేవి) కూడా మార్చు.

కరెంటు పోయినప్పుడు ఫైబర్ పెట్టె ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉంటుంది, వెనక గది స్విచ్ మాత్రం ఆరిపోతుంది. దాన్ని కూడా ఇన్వర్టర్ లైనులోనే పెట్టించు.

వచ్చే ఆదివారం నా క్రింపింగ్ టూల్ (కనెక్టర్ బిగించే పనిముట్టు), కేబుల్ టెస్టర్ తీసుకుని నేనే వస్తాను. కేబుల్ మాత్రం కొలిచిన దానికంటే నాలుగు మీటర్లు ఎక్కువ కొని ఉంచు.

మీ మామయ్య,
జాలహళ్లి, బెంగళూరు