పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది.. నాన్న మళ్లీ నడుస్తారా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మెదడులో రక్తనాళం పూడుకుపోయిందన్నారు. ఇప్పుడు పట్టుకుంటే లేచి నిలబడతారు. నాలుగడుగులు వేస్తారు గానీ పాదం నేలకు రాసుకుపోతుంది, కాలు పక్కకు తిప్పి వేస్తారు. ఫిజియోథెరపీ రెండు నెలలు చేయించి ఆపేశాం. రోజూ నూనెతో మర్దన చేయిస్తున్నాం. పడిపోతారేమోనన్న భయంతో ఎక్కువసేపు మంచం మీదే ఉంచుతున్నాం. మూడు నెలల్లో రానిది ఇక రాదని బంధువులు అంటున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

సలహా: నిజం కాదమ్మా. మొదటి మూడు నెలల్లో త్వరగా కోలుకుంటారు, ఆ తర్వాత వేగం తగ్గుతుంది. అంతేగానీ ఆగిపోదు. అమెరికాలో 400 మందికి పైగా పక్షవాత బాధితులపై చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. అందులో ఆరు నెలల తర్వాత నడక శిక్షణ మొదలుపెట్టినవారు కూడా మెరుగయ్యారు. ఖరీదైన ట్రెడ్‌మిల్ మీద నడిచినవారికీ, ఫిజియోథెరపిస్ట్ ఇంటికొచ్చి బలం, నిలకడ పెరిగే వ్యాయామాలు చేయించినవారికీ ఏడాది చివర్లో పెద్ద తేడా కనిపించలేదు. మీ నాన్నగారు ఇప్పటికే నాలుగడుగులు వేస్తున్నారు కాబట్టి ఫిజియోథెరపీ వెంటనే మళ్లీ మొదలుపెట్టండి. ఖర్చు భారమైతే మీ ఊళ్లోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో అడగండి.

మర్దన వల్ల హాయిగా ఉంటే చేయించండి. కానీ నడక మర్దనతో రాదు, నడిస్తేనే వస్తుంది. దెబ్బతిన్న భాగం చేసే పనిని మెదడులోని మిగతా భాగాలు కొంతవరకు నేర్చుకోగలవు. అందుకు ఆ పనిని మళ్లీ మళ్లీ చేయాలి. పావురం రక్తం పూయడం లాంటి వాటి వెంట తిరిగి విలువైన నెలలు పోగొట్టుకున్న కుటుంబాలను చూస్తే చాలా బాధగా ఉంటుంది.

గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు నేలకు ఆనించి, ముందుకు వంగి లేవడం, మెల్లగా కూర్చోవడం చేయించండి. తర్వాత కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి బరువును ఎడమ కాలి మీదకు కొద్దికొద్దిగా మార్చాలి. చాలామంది ఆ కాలిని నమ్మక బరువంతా మంచి కాలి మీదే వేస్తారు, నడక అక్కడే చెడుతుంది. కర్ర కుడి చేతిలో ఉండాలి. ముందు కర్ర, తర్వాత ఎడమ కాలు, ఆ తర్వాత కుడి కాలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు బలహీనమైన కాలు ముందు.

మన ఇళ్లలో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. లేపడానికి పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతారు. ఆ భుజంలో కండరాలకు పట్టు ఉండదు కాబట్టి కీలు జారుతుంది, నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. చెయ్యి లాగొద్దు. ఎడమవైపు, కాస్త వెనగ్గా నిలబడి నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు పట్టుకోండి.

పాదం రాసుకుపోతోందంటే చీలమండ దగ్గర పాదాన్ని పైకెత్తే కండరాలు బలహీనంగా ఉన్నాయి. కాలు పక్కకు తిప్పి వేయడానికి అది కూడా ఒక కారణం. పాదాన్ని ఎత్తి ఉంచే స్ప్లింట్ (ఏఎఫ్‌ఓ అంటారు) కొలతలు తీసుకుని చేయిస్తారు. దాన్ని బూటుతో వేసుకోవాలి, చెప్పులతో కాదు. పిక్క బిగుసుకుపోయి ఉంటే కండరాన్ని సడలించే బోటులినమ్ ఇంజెక్షన్ ఉపయోగపడుతుందేమో న్యూరాలజిస్టును అడగండి.

మొదట ఐదేసి నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు నడిపించి వారం వారం పెంచండి. వరండాలో 10 మీటర్లు కొలిచి గీత గీయండి. వారానికోసారి ఆ దూరం ఎన్ని సెకన్లలో నడిచారో రాయండి. 25 సెకన్లకు అటూఇటూ వచ్చిందంటే ఇంట్లో తిరగడానికి సరిపోతుంది. 12, 13 సెకన్లకు దిగితే బయటికి వెళ్లే స్థాయికి చేరుతున్నట్టే.

భయం సహజమే. కానీ మంచానికే పరిమితమైతే కండలు కరిగి పడిపోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. జారే పట్టాలు తీసేయండి, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి. కాళ్లకు అడ్డంపడే లుంగీ బదులు ప్యాంటు వేయించండి. ఆయనకు ఎడమవైపు పడిపోయింది కాబట్టి ఇంకో విషయం గమనించండి: ఎడమ భుజం ద్వారబంధానికి తగులుతోందా? కంచంలో ఎడమవైపు అన్నం వదిలేస్తున్నారా? అలాగైతే మెదడు ఎడమవైపును పట్టించుకోవడం లేదని అర్థం. ఆ సంగతి ఫిజియోథెరపిస్టుకు తప్పక చెప్పండి. దిగులుగా ఉంటూ ఏ పనీ వద్దంటుంటే దానికీ మందులున్నాయి. అది మొండితనం అనుకోకండి.

బీపీ, షుగర్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలు ఆపొద్దు. నడుస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఒక పిక్క వాచినా నడక ఆపి డాక్టరుకు చూపించండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, కొత్తగా ఎక్కడైనా పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు.