ఎయిర్‌లైన్‌కు వేల కోట్ల అప్పు... మా అబ్బాయి చేరొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి ఈమధ్యే సీఏ పూర్తిచేశాడు. ఒక విమానయాన సంస్థ ట్రెజరీ (కంపెనీ నగదు, అప్పులు చూసుకునే) విభాగంలో ఆఫర్ వచ్చిందని ఎగిరి గంతేస్తున్నాడు. ఆ కంపెనీకి వేల కోట్ల అప్పుంది. జెట్ ఎయిర్‌వేస్, గో ఫస్ట్‌లకు పట్టిన గతి చూశాక నాకు టెన్షన్‌గా ఉంది. బ్యాంకు ఉద్యోగం చూసుకోమని చెప్పమంటారా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అప్పు అంకె ఒక్కటే చూసి వద్దనకండి. ఎయిర్‌లైన్ల లెక్కల్లో అప్పుగా కనిపించేదంతా బ్యాంకుల దగ్గర తెచ్చింది కాదు. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఇండ్ ఏఎస్ 116 అకౌంటింగ్ ప్రమాణం అమల్లో ఉంది. లీజుకు తెచ్చుకున్న విమానాలకు రాబోయే ఏళ్లలో కట్టాల్సిన అద్దెలను కూడా దాని ప్రకారం బాకీగా చూపాలి. ఇండిగోనే తీసుకోండి. 2024 మార్చి ఆఖరుకు మొత్తం అప్పు 51 వేల కోట్ల రూపాయలు దాటితే, అందులో 43 వేల కోట్లకు పైగా లీజు బాకీలే. అప్పటికి నగదు నిల్వలు 34 వేల కోట్ల పైమాటే.

అలాగని లీజే కదా అని తీసిపారేయడానికీ లేదు. అద్దె ఆటో నడిపేవాడు బేరాలు తగిలినా తగలకపోయినా ఓనరు డబ్బు కట్టాల్సిందే. ఇక్కడా అంతే. ప్రాట్ అండ్ విట్నీ ఇంజిన్ల వల్లే దాదాపు సగం విమానాలు ఆగిపోయాయంటూ గో ఫస్ట్ 2023 మేలో దివాలా పిటిషన్ వేసింది. ఆ కంపెనీ ఇంజిన్ల తిప్పలు ఇండిగోకూ తప్పలేదు, డజన్ల కొద్దీ విమానాలు నిలిచిపోయాయి. కానీ చేతిలో డబ్బుంది కాబట్టి తట్టుకుంది.

మీవాడు సీఏ కదా, చేరేముందు కంపెనీ వార్షిక నివేదిక వాడితోనే చదివించండి. లిక్విడిటీ రిస్క్ (బాకీలు తీర్చడానికి చేతిలో డబ్బు చాలకపోయే ముప్పు) నోట్‌లో ఏడాదిలోపు తీర్చాల్సినవి, ఆ తర్వాత తీర్చాల్సినవి విడివిడిగా ఉంటాయి. ఏడాదిలోపు కట్టాల్సిన మొత్తం పక్కన నగదు పెట్టి చూడాలి. ఆ నగదులోంచి బ్యాంకు గ్యారంటీల కోసం తాకట్టులో ఉన్నది తీసేయాలి, అది అవసరానికి చేతికి రాదు. ఇక లీజు అద్దెలు ఎక్కువగా డాలర్లలో ఉంటాయి. వంద కోట్ల డాలర్ల బాకీ ఉంటే, డాలరు ఒక్క రూపాయి పెరిగినా వంద కోట్ల రూపాయల భారం పడుతుంది.

ఆడిటర్ నివేదికలో ‘గోయింగ్ కన్సర్న్’ మీద, అంటే కంపెనీ ఇకముందు నడుస్తుందా అన్నదాని మీద సందేహం రాశారా? దాని అనుబంధంలో పీఎఫ్, టీడీఎస్ జమ చేయడంలో ఆలస్యం ఉందన్నారా? నేనైతే లాభనష్టాల కన్నా ముందు ఈ రెండూ చూస్తాను. జెట్ విమానాలు 2019 ఏప్రిల్ 17న ఆగాయి గానీ, అంతకు నెలల ముందు నుంచే చాలామందికి జీతాలు ఆలస్యమయ్యాయి.

ఇంకో సంగతి. గో ఫస్ట్ నుంచి తమ విమానాలు వెనక్కి తీసుకోవడానికి లీజు కంపెనీలు దాదాపు ఏడాది కోర్టుల చుట్టూ తిరిగాయి. చివరికి 2024 ఏప్రిల్‌లో ఆ విమానాలను వెనక్కి తీసుకెళ్లే వీలుగా వాటి రిజిస్ట్రేషన్ రద్దు చేయమని ఢిల్లీ హైకోర్టు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను ఆదేశించింది. 2025లో దీనికంటూ పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేసింది. ఇకపై అద్దె ఎగ్గొట్టిన కంపెనీ చేతిలోంచి విమానాలు త్వరగా పోతాయి. అంటే బలహీనమైన ఎయిర్‌లైన్ ఉద్యోగికి వేరే దారి చూసుకునే వ్యవధి కూడా తగ్గుతుంది.

కంపెనీ పైన చెప్పిన పరీక్షల్లో నిలబడితే నిక్షేపంగా చేరమనండి. డాలర్ హెడ్జింగ్ (డాలరు రేటు మార్పుల వల్ల నష్టం రాకుండా ముందే చేసుకునే ఏర్పాటు), లీజు ఒప్పందాలు, విమానం తిరిగి అప్పగించేటప్పుడు మరమ్మతు ఖర్చుల మీద జరిగే బేరాలు... ఈ పని ఎయిర్‌లైన్ ట్రెజరీలో నేర్చుకున్నంతగా బ్యాంకు శాఖలో నేర్చుకోలేరు. రెండు మూడేళ్ల తర్వాత గుజరాత్ గిఫ్ట్ సిటీలోనో, లీజు వ్యాపారానికి పెద్ద కేంద్రమైన డబ్లిన్‌లోనో విమానాలు అద్దెకిచ్చే కంపెనీల్లో ప్రయత్నించవచ్చు. ఆ పరీక్షల్లో తేలిపోతే మాత్రం జీతం ఎంత ఆశపెట్టినా వద్దు.

ఆఫర్ లెటర్‌లో నోటీసు పీరియడ్ ఎంతో, బాండ్ ఉందో లేదో కూడా చూడండి. ఆరు నెలల నోటీసు అంటే మూడుకు తగ్గించమని సంతకం చేయకముందే అడగమనండి.