సమాధానం: 2018 నాటి ఐమె కార్డుతో ఇప్పుడు జపాన్‌లో ఆడొచ్చా?

ఆడొచ్చు, దాన్ని పారేయకండి. (ఐమె అంటే సెగా కంపెనీ ఆర్కేడ్ మెషీన్లలో మీ స్కోర్లు దాచుకునే కార్డు.) సెగా ఆటలన్నిటికీ పాత ఐమె పనిచేస్తుంది. మీరు అడిగిన రెండోది, ఇంకో కంపెనీ కోనామి మెషీన్లకు కూడా అదే సరిపోతుందా అన్నది, కార్డు మీద 'అమ్యూజ్‌మెంట్ ఐసీ' గుర్తు ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. 2018 అక్టోబరు నుంచి ఆ గుర్తున్న కార్డులు సెగా, కోనామి, నామ్కో, టైటో కంపెనీల మెషీన్లలో నడుస్తున్నాయి. గుర్తు లేకపోతే గేమ్ సెంటర్లోనే కొత్తది కొనేయండి, మామూలుగా 300 యెన్లు.

కార్డు సంగతి అది, ఆటల్లో అసలు మార్పంతా 2019లో వచ్చింది. సెగా వారి పాటల ఆట మైమైకి జూలైలో కొత్త రూపం మైమై డీఎక్స్ దిగింది, సెప్టెంబరులో పాత రూపం 'ఫినాలే' ఆన్‌లైన్ సేవ ఆగిపోయింది. చుట్టూ ఉన్న ఎనిమిది బటన్లతోపాటు ఇప్పుడు గుండ్రటి తెర మధ్యలోనూ నోట్లు, అంటే పాటకు తగ్గట్టు తాకాల్సిన గుర్తులు, పడతాయి. చేతులు అంచునే తిరగడం అలవాటైన మీకు మొదట్లో చిరాకేస్తుంది. అందుకే 'స్టాండర్డ్' చార్టులతో (పాటకు ఆ నోట్లు వచ్చే వరుసను చార్టు అంటారు) మొదలెట్టండి, అవి పాత పద్ధతిలోనే ఉంటాయి.

కోనామి పాటల ఆట బీట్‌మేనియా ఆడేవాళ్లకు అదే ఏడాది 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు మారే తెర ఉన్న) లైట్నింగ్ మోడల్ మెషీన్ వచ్చింది. పాత 60 హెర్ట్జ్ తెర మీద ఆడినవాళ్లకు టైమింగ్ కాస్త తేడాగా అనిపిస్తుంది, సెట్టింగులు మళ్లీ సరిచూసుకోండి.

ఇంకోటి: సింగపూర్‌లో ఆడిన మైమై స్కోర్లు జపాన్‌లో కనబడవు, ఆ సర్వర్లు వేరు.